రాసిపెట్టి ఉందని ఊరుకుందామా?

మన ఇళ్ళలో చావు కబురు అందగానే నోటికి వచ్చే మొదటి మాట ‘ఇన్నాలిల్లాహ్’. ఆ వెంటనే వచ్చే రెండవ మాట ‘ఏం చేస్తాం, రాసిపెట్టి ఉంది’. మొదటిది మన ప్రభువు నేర్పిన మాట. రెండవది కూడా విశ్వాసి నోట రాదగిన మాటే. విధివ్రాతను, అంటే తఖ్దీర్‌ను నమ్మడం ఈమాన్‌లో ఒక భాగం. అయితే ఈ రెండవ మాటను మనం ఎక్కడ వాడుతున్నాం, ఎందుకు వాడుతున్నాం అన్నది మాత్రం ఆలోచించుకోవలసిన విషయం. మమ్మల్ని ఆ ఆలోచనలో పడవేసింది ఒక తల్లి.

కొంతకాలం క్రితం బాన్సువాడలో ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాం. చనిపోయింది పదవ తరగతి చదివే అబ్బాయి. ఊరి నుంచి బాన్సువాడకు ఆటోలో వస్తున్నాడు. వెనుక సీట్లు నిండిపోయాయి. డ్రైవరు పక్కన అప్పటికే ఇద్దరున్నారు. మిగిలిన అంచు మీద ఈ అబ్బాయిని కూర్చోబెట్టుకున్నాడు. మలుపు దగ్గర ఎదురుగా లారీ రావడంతో ఆటోను పక్కకు కోశాడు. అబ్బాయి రోడ్డు మీద పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ తల్లికి మేము చెప్పవలసిన మాటలే చెప్పాం. “ఆపా! ప్రతి ప్రాణికీ ఒక గడువు ఉంటుంది. అది ఘడియ ముందుకు రాదు, ఘడియ వెనక్కు పోదు. సబర్ చేయండి” అన్నాం.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తలుపు చాటు నుంచి ఇలా అన్నారు: “సబర్ చేస్తాను మౌల్వీ సాబ్. ఇచ్చినవాడే తీసుకున్నాడు. కాని నా కొడుకును ఆ అంచు మీద కూర్చోబెట్టింది మనిషే కదా! ఎందుకు కూర్చోబెట్టావని అడగొద్దా? అడిగితే నా ఈమాన్ పోతుందా? వచ్చినవాళ్ళందరూ రాసిపెట్టి ఉంది, రాసిపెట్టి ఉంది అని వెళ్ళిపోతున్నారు. రేపు ఆ అంచు మీద ఇంకొకరి కొడుకు కూర్చుంటాడు.”

ఆ క్షణాన మా దగ్గర జవాబు లేదు. దుఆ చేసి లేచి వచ్చాం. మదరసాలో ఏళ్ళ తరబడి అఖీదా పాఠాలు చదివినవాళ్ళం. తఖ్దీర్ మీద వచ్చిన వాదాలన్నీ కంఠతా పట్టినవాళ్ళం. కాని ఆ తల్లి అడిగినట్టుగా ఆ ప్రశ్నను మమ్మల్ని ఎవరూ అడగలేదు.

తెలిసిన దారే కదా!

ఈ ప్రశ్న వెంట వెళ్ళి మేము విమాన ప్రమాదాల దాకా చేరుకున్నాం. ఆటోకూ విమానానికీ సంబంధం ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. బాన్సువాడ చుట్టుపక్కల గల్ఫ్‌లో మనిషి లేని వాడ అరుదు. దుబాయ్, రియాద్, దమ్మామ్ నుంచి మన వాళ్ళు వచ్చే విమానం నేల మీద దిగిందన్న ఫోను వచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్ళ చేతిలో తస్బీహ్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఇది మనకు దూరపు విషయం కాదు. ఇంకొక కారణం కూడా ఉంది. మనుషులు చేసే పనులలో, ప్రతి పెద్ద ప్రమాదం తరువాతా ‘ఎందుకు జరిగింది’ అని అడిగి, దొరికిన జవాబును రాసిపెట్టే అలవాటు విమానయానంలో ఉన్నంతగా మరెక్కడా లేదేమో. అందుకే ఆ తల్లి ప్రశ్నకు అక్కడ వెలుగు దొరుకుతుందేమోనని చూశాం.

1991 ఆగస్టు 16. వానాకాలం. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం కలకత్తా నుంచి మణిపూర్ రాజధాని ఇంఫాల్‌కు బయలుదేరింది. అందులో 63 మంది ప్రయాణీకులు, 6గురు సిబ్బంది. ఇంఫాల్ ఒక లోయ. చుట్టూ కొండలు. విమానం ఆ లోయలోకి దిగవలసిన సమయంలో థాంగ్‌జింగ్ అనే కొండకు ఢీకొట్టింది. మొత్తం 69 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

మబ్బులో, చీకటిలో కంటికి నేల కనపడనప్పుడు విమానం దిగడానికి ఒక ఏర్పాటు ఉంటుంది. దానిని ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టమ్ అంటారు. రన్‌వే దగ్గర అమర్చిన యంత్రాలు రెండు రకాల రేడియో సంకేతాలు పంపుతాయి. ఒకటి విమానం రన్‌వేకు సూటిగా వస్తున్నదా, కుడికో ఎడమకో జరిగిందా అని చెబుతుంది. రెండవది ఎంత వాలుగా దిగాలో చెబుతుంది. వీటితోపాటు పైలట్ల చేతిలో ఒక పటం ఉంటుంది. ఎక్కడిదాకా ఎంత ఎత్తులో ఉండాలి, ఏ చోటు దాటిన తరువాతే కిందికి దిగాలి అన్నది అందులో అడుగులతో సహా రాసి ఉంటుంది. కొండల మధ్య ఉన్న విమానాశ్రయానికి ఆ పటమే ప్రాణం. ఎందుకంటే కంటికి కనిపించని కొండ ఆ కాగితం మీద కనిపిస్తుంది.

ఆనాటి ప్రమాదం మీద విచారణ జరిగింది. కెప్టెన్ ఆ పటంలో ఉన్న పద్ధతిని పాటించలేదని, గడిచిన సమయాన్ని గమనించలేదని, ఇంఫాల్ రేడియో కేంద్రం మీదికి వచ్చేశామనుకుని ముందుగానే దిగడం మొదలుపెట్టారని తేలింది. ఆ ప్రాంతం ఆయనకు బాగా తెలిసినది కావడం కూడా దీనికి కొంత కారణమై ఉండవచ్చునని విచారణలో భావించారు.

పాఠకులు ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. తెలియని దారి కాదు, తెలిసిన దారి. తెలియనివాడు పటం చూస్తాడు, పక్కవాడిని అడుగుతాడు, భయంతో నెమ్మదిగా పోతాడు. తెలిసినవాడు ‘ఎన్నిసార్లు రాలేదు’ అనుకుంటాడు. మన ఆటో డ్రైవరు కూడా అదే అనుకున్నాడు. ఎన్నిసార్లు ఇలా కూర్చోబెట్టుకోలేదు, ఎన్నిసార్లు ఈ మలుపు తిరగలేదు! నిన్నటిదాకా ఏమీ కాలేదన్నది అల్లాహ్ చూపిన కరుణ. దానిని మనం మన నైపుణ్యానికి సాక్ష్యంగా రాసుకుంటాం. వచ్చిన చిక్కు అక్కడే ఉంది.

మాట రాని నోళ్ళు

1997 ఆగస్టు 6 తెల్లవారుజామున ఇటువంటిదే మరొకటి జరిగింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్ నుంచి వచ్చిన కొరియన్ ఎయిర్ వారి బోయింగ్ 747 పసిఫిక్ సముద్రంలోని గువాం ద్వీపంలో దిగబోతోంది. వాన పడుతోంది. ఎంత వాలుగా దిగాలో చెప్పే సంకేతం మరమ్మతుల వల్ల ఆ రోజుల్లో పనిచేయడం లేదు. ఆ సంగతి పైలట్లకు ముందే తెలియజేసి ఉంది. అటువంటప్పుడు పటం చూసుకుంటూ మెట్టు మెట్టుగా దిగాలి. కాని విమానం ఉండవలసిన ఎత్తు కన్నా కిందికి వచ్చేసింది. రన్‌వేకు సుమారు మూడు మైళ్ళ ముందున్న నిమిట్జ్ కొండను ఢీకొట్టింది. 254 మందిలో 228 మంది మరణించారు.

ఆ కెప్టెన్ గువాంకు కొత్తవాడు కాదు. అంతకు ముందు వచ్చినవాడే. కాని ఆ రాత్రి బాగా అలసిపోయి ఉన్నాడు. ఆయన పక్కన కో పైలట్, వెనుక ఫ్లయిట్ ఇంజనీరు ఉన్నారు. కెప్టెన్ చేస్తున్న దానిని వాళ్ళు సరిగా కనిపెట్టి సరిచూడలేదని అమెరికా ప్రభుత్వ విచారణ సంస్థ తేల్చింది. దిగడం మానేసి పైకి పోదామన్న మాట కో పైలట్ నోటి నుంచి వచ్చేసరికి కొండకు సుమారు 6 సెకన్ల దూరమే ఉంది. అంతేకాదు, విమానం ప్రమాదకరంగా కిందికి వస్తే నేల మీది అధికారులను హెచ్చరించే ఏర్పాటు కూడా ఒకటి అక్కడ ఉండేది. అనవసరపు హెచ్చరికలు ఎక్కువ వస్తున్నాయని దాని పనిని కుదించి పెట్టారు. ఆ రాత్రి అది పలకలేదు.

మాట పలికినా వినకపోతే? దానికీ ఉదాహరణ ఉంది. అది మన పొరుగు రాష్ట్రంలోనే జరిగింది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగుళూరులో దిగింది. అక్కడ రన్‌వే కొండ మీద బల్లలా ఉంటుంది. చివర లోయ. విమానం ఉండవలసిన దానికన్నా ఎత్తు నుంచి, సరైన తీరు తప్పి దిగుతుంటే కో పైలట్ మూడుసార్లు పైకి పోదామని హెచ్చరించాడు. యంత్రం కూడా హెచ్చరించింది. కెప్టెన్ ఆపలేదు. ఆయన ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచి ఉన్నాడని, ఆ మగత ఇంకా విడిపోలేదని విచారణ చెప్పింది. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. 8 మంది బతికారు. చనిపోయినవారిలో చాలామంది గల్ఫ్‌లో చెమటోడ్చి సెలవు మీద ఇంటికి వస్తున్నవాళ్ళు. పిల్లల కోసం సామాన్లు కట్టుకుని వస్తున్నవాళ్ళు. మన వాళ్ళలాంటివాళ్ళు.

ఇక చెప్పండి. ఈ మూడు ప్రమాదాల తరువాత కూడా ‘రాసిపెట్టి ఉంది’ అనే ఒక్క మాటతో పుస్తకం మూసేస్తే ఏమై ఉండేది? ఇంఫాల్ కొండ దగ్గర ఏం జరిగిందో మరొక పైలట్‌కు తెలిసేదే కాదు. గువాంలో ఆ ముగ్గురి మధ్య కరువైన మాటను గురించి మరొక విమానంలో ఎవరూ పాఠం నేర్చుకునేవారు కాదు.

రెండు ఆయత్‌లు పక్కపక్కనే

అయినా ఒక సందేహం మిగులుతుంది. కారణం వెతకడం అంటే అల్లాహ్ నిర్ణయాన్ని ప్రశ్నించడమా? ఇది పాత సందేహమే. తొలి శతాబ్దాలలోనే దీని మీద రెండు వర్గాలు రెండు అంచులకు పోయాయి. మనిషి గాలిలో ఎండుటాకు వంటివాడు, అతని చేతిలో ఏమీ లేదని జబ్రియ్యాలు అన్నారు. మనిషి చేసే పనులలో విధివ్రాతకు చోటే లేదని ఖదరియ్యాలు అన్నారు. అహ్లె సున్నత్ పండితులు ఈ రెంటినీ కాదన్నారు. జరిగేదంతా అల్లాహ్ జ్ఞానంలో, ఆయన సంకల్పంలో ఉంది. అయినా మనిషి తన ఎంపికకు తాను బాధ్యుడే అన్నారు.

ఇది ఎలా సాధ్యమని అడిగేవారిని మేము ఉహద్ దగ్గరకు తీసుకుపోతాం. హిజ్రీ 3వ సంవత్సరం. దైవప్రవక్త (స) 50 మంది విలుకాండ్రను ఒక గుట్ట మీద నిలబెట్టారు. గెలిచినా ఓడినా, మా నుంచి కబురు వచ్చేదాకా అక్కడి నుంచి కదలవద్దని ఆజ్ఞాపించారు. యుద్ధం గెలిచినట్టే కనిపించింది. విలుకాండ్రలో చాలామంది గుట్ట దిగిపోయారు. వాళ్ళ నాయకుడు హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) ఆజ్ఞను గుర్తు చేసినా వినలేదు. శత్రువు వెనుక నుంచి వచ్చి పడ్డాడు. 70 మంది సహచరులు అమరులయ్యారు. దైవప్రవక్త (స) స్వయంగా గాయపడ్డారు.

ఆ తరువాత ఇది ఎక్కడి నుంచి వచ్చిపడిందని ముస్లిములు ఆశ్చర్యపోయారు. దానికి ఆలి ఇమ్రాన్ సూరాలో జవాబు వచ్చింది. 165వ ఆయత్‌లో ఇది మీ వల్లనే వచ్చిందని అల్లాహ్ తెలియజేశాడు. ఆ పక్కనే ఉన్న 166వ ఆయత్‌లో ఆ రోజున మీకు కలిగినది అల్లాహ్ అనుమతితోనే కలిగిందని తెలియజేశాడు. రెండు ఆయత్‌లు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది రెండవదానిని కొట్టివేయలేదు. రెండవది వచ్చిందని మొదటిది మాసిపోలేదు. పైగా క్రమం చూడండి. మీ తప్పు అన్న మాట ముందు వచ్చింది. అల్లాహ్ అనుమతి అన్న ఓదార్పు ఆ తరువాత వచ్చింది. మనం మొదటిదానిని దాటవేసి రెండవదానితోనే మొదలుపెడుతున్నాం.

ఇంకొక విషయం కూడా పరిశీలించండి. నిసా సూరా 92వ ఆయత్ పొరపాటున జరిగిన హత్యను గురించి చెబుతుంది. కావాలని చేసింది కాదు, పగతో చేసింది కాదు. అయినా చనిపోయినవారి కుటుంబానికి దియత్, అంటే రక్తపరిహారం చెల్లించాలని, దానితోపాటు కఫ్ఫారా, అంటే ప్రాయశ్చిత్తం చేసుకోవాలని షరీఅత్ విధించింది. కుటుంబంవారు తమంతట తాము పరిహారాన్ని మాఫీ చేస్తే అది వేరు. అల్లాహ్ రాయనిదే ఆ మనిషి చనిపోడని మనకు చెప్పినవాడు అల్లాహ్‌యే. ఆ మరణానికి పొరపాటు చేసిన మనిషిని జవాబు అడిగినవాడూ అల్లాహ్‌యే. తఖ్దీర్ అన్న మాటతో లెక్క ముగిసిపోయేటట్లయితే ఈ ఆజ్ఞ ఎందుకు వచ్చింది?

అందుకే మన పెద్దలైన పండితులు ఒక సూత్రం చెప్పారు. తఖ్దీర్‌ను ఆపదలో ఊతగా పట్టుకోవాలి, తప్పుకు సాకుగా చూపరాదు అన్నది దాని సారాంశం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి తఖ్దీర్ ఊత. అంచు మీద కూర్చోబెట్టినవాడు అదే మాట అంటే అది సాకు. మాట ఒక్కటే, పలికే నోరు వేరు. మనం చేస్తున్న అన్యాయం ఏమిటంటే తల్లికి ఇవ్వవలసిన ఊతను తీసుకుపోయి తప్పు చేసినవాడికి సాకుగా ఇస్తున్నాం. తల్లిని మాత్రం నోరు మూసుకోమంటున్నాం.

ఒక నిర్ణయం నుంచి మరొక నిర్ణయానికి

జాగ్రత్త పడటం తవక్కుల్‌కు, అంటే దైవం మీద భరోసాకు విరుద్ధమని కొందరు భావిస్తారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందున్న ప్రాంతంలో మహమ్మారి వ్యాపించిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే పోతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయకు ఒక వైపు పచ్చిక, ఒక వైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధితోనే కదా అని పోల్చి చెప్పారు. ఆ తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, మహమ్మారి ఉన్న ఊరిలోకి పోవద్దని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని తెలియజేశారు.

ఈ మాటను విమానాలకు అన్వయించి చూడండి. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ దగ్గర టి.డబ్ల్యు.ఎ. సంస్థ బోయింగ్ 727 విమానం దిగబోతూ ఒక కొండకు ఢీకొట్టింది. 92 మంది పోయారు. దిగడానికి అనుమతి ఇచ్చామంటే ఎంత ఎత్తు దాకా దిగవచ్చు అన్న విషయంలో పైలట్లు ఒకటి అనుకున్నారు, నేల మీది అధికారులు మరొకటి అనుకున్నారు. విచారణలో ఇంకొక సంగతి బయటపడింది. సుమారు ఆరు వారాల ముందు మరొక సంస్థ విమానం సరిగ్గా అదే పొరపాటుతో అదే కొండకు తగలబోయి తప్పించుకుంది. ఆ పైలట్లు తమ సంస్థకు చెప్పారు. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. కాని ఆ హెచ్చరిక మిగతా సంస్థల పైలట్లకు చేరలేదు. చేరవేసే దారి అప్పట్లో లేదు. తెలిసిన ప్రమాదం ఒక ఇంట్లో ఉండిపోయింది, పక్కింటి వాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ తరువాత రెండు పనులు జరిగాయి. నేల దగ్గరవుతుంటే విమానంలోనే బిగ్గరగా హెచ్చరించే యంత్రం పెద్ద ప్రయాణీకుల విమానాలన్నిటిలో ఉండి తీరాలని అమెరికా ప్రభుత్వం ఆదేశించింది. డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు దీనిని రూపొందించడంలో ముఖ్యుడు. మొదటి యంత్రం కింద ఉన్న నేలనే కొలిచేది, ఎదురుగా నిట్టనిలువుగా ఉన్న కొండను ముందే పట్టలేకపోయేది. 1990లలో భూమి పటాన్నే అందులో నింపి, ఎదుటి కొండను కూడా ముందే చెప్పే కొత్త యంత్రం వచ్చింది. రెండవ పని 1976లో మొదలైంది. పైలట్లు, అధికారులు తాము చేసిన పొరపాట్లను, తప్పిపోయిన ప్రమాదాలను తమ పేరు బయటపడకుండా రాసి పంపే ఏర్పాటు అది. దానిని నాసా సంస్థ నడుపుతుంది. ఒకరి పొరపాటు అందరికీ పాఠమవుతుంది. మంచి కండ్ల విమానం కూడా కొండకు తగిలే ఈ రకం ప్రమాదాలు ఒకప్పుడు ఎన్నో జరిగేవి. ఇప్పుడు బాగా అరుదయ్యాయి.

అలా బతికినవాళ్ళు అల్లాహ్ విధిని తప్పించుకున్నారా? లేదు. ఆ హెచ్చరిక కూడా అల్లాహ్ విధిలోనిదే. వాళ్ళు ఒక నిర్ణయం నుంచి మరొక నిర్ణయం వైపు మళ్ళారు. ఒంటెను పచ్చిక వైపు తోలారు.

అడగడం వేరు, తిట్టడం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక మనకూ అవసరం. కారణం అడగడమంటే చనిపోయినవారిని తూలనాడడం కాదు, తప్పు చేసినవాడిని రాళ్ళతో కొట్టడం కాదు. ఆ పైలట్లు కూడా ప్రయాణీకులతోపాటే పోయారు. వాళ్ళకూ తల్లులున్నారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమావళిలో 13వ అనుబంధం ప్రమాద విచారణ గురించినది. విచారణ ఉద్దేశం ఇకముందు ప్రమాదాలు జరగకుండా చూడడమే గాని, నిందను పంచిపెట్టడం కాదని అందులో స్పష్టంగా ఉంది. శిక్షలు, పరిహారాలు న్యాయస్థానాల పని.

ఉహద్ తరువాత వచ్చిన ఆజ్ఞ కూడా ఇటువంటిదే. ఆలి ఇమ్రాన్ 159వ ఆయత్‌లో వారి పట్ల మృదువుగా ఉండమని, వారిని మన్నించమని, పనులలో వారిని సంప్రదించమని దైవప్రవక్త (స)కు ఆదేశం వచ్చింది. తప్పు చెప్పడమూ జరిగింది, మన్నించడమూ జరిగింది. తప్పు చెప్పకుండా మన్నిస్తే అది మరపు. మన్నింపు తలపు లేకుండా తప్పు చెబితే అది పగ. రెండూ ఉంటేనే అది సంస్కరణ.

ముందుగా మమ్మల్ని అడగాలి

ఇప్పుడు మేము దాచకూడని ఒక సంగతి ఉంది. ఆ ప్రమాదానికి కొద్ది రోజుల ముందు మేము కూడా అదే ఆటోలో ప్రయాణించాం. డ్రైవరు పక్కన అంచు మీద వేరొక పిల్లవాడు కూర్చున్నాడు. ఒక కాలు బయట వేలాడుతోంది. మాకు భయం వేసింది. “భాయ్, పిల్లవాణ్ణి లోపలికి జరుపు, లేదంటే దింపు” అని చెప్పాలనుకున్నాం. జుమాకు ఆలస్యమవుతుందని, ఎవరేమనుకుంటారోనని ఊరుకున్నాం. ‘అల్లాహ్ మాలిక్’ అని మనసులో అనుకున్నాం. ఆనాడు దానిని తవక్కుల్ అనుకున్నాం. నిజానికి అది పిరికితనం. ఒకవేళ మేము ఒక్క మాట అని ఉంటే ఏమై ఉండేదో అల్లాహ్‌కే తెలుసు. కాని ఆ మాట అనవలసిన బాధ్యత మాది. కొండకు తగలబోయి తప్పించుకుని, ఆ కబురు తమ ఇంట్లోనే ఉంచుకున్నవారిని గురించి చదివినప్పుడు మాకు మేమే గుర్తుకు వచ్చాం. వాళ్ళు కనీసం తమ వాళ్ళకైనా చెప్పారు.

మేము మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాం. “ఆపా, మీరు అడిగితే ఈమాన్ పోదు. అడగకపోతే మా ఈమాన్‌కే లోపం. ముందుగా మమ్మల్ని అడగండి” అని జరిగింది చెప్పాం. ఆమె ఏడ్చారు. తరువాత “మౌల్వీ సాబ్, నాకు చెప్పారు సరే. ఆ డ్రైవరుకు చెప్పారా?” అన్నారు.

ఆ సాయంత్రమే ఆటోల దగ్గరకు వెళ్ళాం. అతను తల వంచుకుని విన్నాడు. “ఆ రోజు నుంచి ముందు సీట్లో ఎవరినీ ఎక్కించుకోవడం లేదు. కాని మిగతావాళ్ళు ఎక్కించుకుంటుంటే నా గిరాకీ పోతోంది” అన్నాడు. అతని మాటలోనూ నిజం ఉంది. ఒక్కడు జాగ్రత్త పడితే చాలదు. ఎక్కేవాళ్ళు కూడా ‘ముందు కూర్చోను, వెనుక ఆటోలో వస్తాను’ అనాలి. పది రూపాయలు ఎక్కువైనా సరే, పిల్లలను కిక్కిరిసిన ఆటోలో పంపకూడదు. ఖుత్బాలో దీనిని గురించి చెప్పడం మా వంతు. ఆ తరువాత వచ్చిన జుమా రోజునే చెప్పాం.

పాఠకులను మేము కోరేది ఇంతే. మీ ఇంట్లో, మీ వీధిలో ఇటువంటి అంచులు ఎన్ని ఉన్నాయో ఈ వారం చూసుకోండి. లైసెన్సు రాని పిల్లవాడి చేతిలో ఉన్న మోటారు సైకిల్ ఒక అంచు. పెళ్ళి పందిరిలో అతుకులు వేసిన కరెంటు తీగ ఒక అంచు. వానాకాలంలో పిల్లలు ఈతకు దిగే మంజీర ఒడ్డు ఒక అంచు. చిన్నవాడు పెద్దవాడికి తప్పు చూపితే అది బే అదబీ అనుకోకండి. గువాంలో సమయానికి పలకని నోరు ఎవరి ప్రాణాన్నీ నిలపలేదు. పెద్దలు కూడా ఇంట్లో చిన్నవాడు మూడుసార్లు చెప్పేదాకా ఆగకుండా, మొదటిసారికే వినండి. ఆపద రానే వస్తే అప్పుడు ‘రాసిపెట్టి ఉంది’ అని తల వంచండి. చేయవలసినది చేసినవాడి నోట ఆ మాట అందంగా ఉంటుంది.

ఓ అల్లాహ్! నీ నిర్ణయం పట్ల మాకు తృప్తిని ప్రసాదించు. మా తప్పుల పట్ల మాకు సిగ్గును ప్రసాదించు. చూసినది చెప్పే ధైర్యాన్ని, చెప్పినది వినే వినయాన్ని ప్రసాదించు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల గుండెలకు ఊరటనివ్వు. ప్రయాణాలలో ఉన్న మా వాళ్ళందరినీ క్షేమంగా ఇళ్ళకు చేర్చు. ఆమీన్.